‘నిరోధం’ అన్న మాట చాలునా? – కాలేయంలో రక్తజలగ ఎదుగుదల, తెలుగు విజ్ఞాన పరిభాష: ఒక విమర్శ

వ్యాస సంగ్రహం

శరీరంలోని తెల్లరక్తకణాలను సైనికులుగా, వాటి పనిని ‘నిరోధం’గా వర్ణించడం తెలుగు విజ్ఞాన రచనలో స్థిరపడిన పద్ధతి. షిస్టోసోమా అనే రక్తజలగపై జరిగిన ప్రయోగాలు ఈ వర్ణనకు లొంగని ఒక సంగతిని బయటపెట్టాయి. ఆతిథేయి కాలేయంలోని రక్షక కణాల ప్రమేయం లేకపోతే ఈ పురుగు సరిగా ఎదగదు. ఈ సంగతిని గ్రహించడానికి ‘పరాన్నజీవి’, ‘ఆతిథేయి’, ‘వ్యాధి నిరోధక శక్తి’ అనే మూడు మాటలు ఎక్కడ తోడ్పడుతున్నాయో, ఎక్కడ అడ్డుపడుతున్నాయో వరంగల్ ప్రాంత నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: పరాన్నజీవి, ఆతిథేయి, నిరోధం, ప్రతిస్పందన, షిస్టోసోమా, కాలేయం, విజ్ఞాన పరిభాష, వరంగల్.

1. ఉపోద్ఘాతం

వరంగల్ చెరువుల సీమ. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు కాకతీయుల కాలం నుంచి ఈ నేలకు నీరందిస్తున్నాయి. 2015లో తెలంగాణలో మొదలైన చెరువుల పునరుద్ధరణ కార్యక్రమానికి ‘మిషన్ కాకతీయ’ అని పేరు పెట్టడం వెనుక ఉన్నది ఆ స్మృతే. అయితే చెరువు పంటకు మాత్రమే ఆధారం కాదు. చెరువు ఉన్నచోట నత్త ఉంటుంది. నత్త ఉన్నచోట పశువుకు పురుగు సోకే దారి ఉంటుంది.

లిమ్నియా కుటుంబపు నత్తల్లో కొంతకాలం పెరిగి, గడ్డితో పాటు పశువు కడుపులోకి చేరే ఫాసియోలా జైగాంటికాను పశుపోషకులు ‘కార్జపు జలగ’ అంటారు. ఇండోప్లానార్బిస్ ఎగ్జస్టస్ అనే చుట్టనత్తను ఆశ్రయించే మరో వర్గం షిస్టోసోమా. ఇవి రక్తనాళాల్లో నివసిస్తాయి కనుక వీటిని ‘రక్తజలగలు’ అనవచ్చు. భారతదేశపు పశువుల్లో కనిపించే షిస్టోసోమా ఇండికమ్, షిస్టోసోమా స్పిండేల్ జాతులను 1906లో మాంట్‌గోమరీ వర్ణించాడు. ముక్కులోని సిరల్లో స్థిరపడి పశువుకు గురక తెప్పించే షిస్టోసోమా నసాలేను 1933లో రావు వర్ణించాడు. నిజానికి ఇవేవీ జలగలు కావు. జలగ ఖండితదేహం గల జీవి. ఇవి బల్లపరుపు పురుగులు. పోలికను బట్టి పెట్టుకున్న పేరు వాడుకలో నిలిచిపోయింది.

పేరులోని ఇటువంటి పొరపాటు వల్ల పెద్ద నష్టం లేదు. రైతు జలగ అన్నా పశువైద్యుడు ఫ్లూక్ అన్నా ఇద్దరూ ఒకే పురుగును చూపిస్తున్నారు. కాని ఒక ప్రక్రియకు పెట్టిన పేరు తప్పుదారి పట్టిస్తే అడగవలసిన ప్రశ్నే మరుగున పడుతుంది. ‘నిరోధం’ అటువంటి పేరు.

2. మూడు మాటలు – వాటిలోని ఊహలు

‘పరాన్నజీవి’ చక్కని కల్పన. పరుల అన్నంతో బతికేది అని అర్థం. గ్రీకు మూలపదం కూడా ఇతరుల పంక్తిలో కూర్చుని తినేవాడన్న భావం నుంచే పుట్టింది. రెండు భాషల్లోనూ సంబంధమంతా తిండి చుట్టూ తిరుగుతుంది. పురుగుకు కావలసింది ఆహారం, ఆతిథేయి పోగొట్టుకునేది ఆహారం. అంతకుమించి వాటి మధ్య ఇచ్చిపుచ్చుకోలు ఉండవచ్చునన్న సూచన ఆ మాటలో లేదు.

‘ఆతిథేయి’ దీనికి జంటపదం. తిథి నియమం లేకుండా వచ్చేవాడు అతిథి అని సంప్రదాయ వ్యుత్పత్తి. వచ్చినవాడికి అన్నీ అమర్చే గృహస్థు ఆతిథేయి. ఇక్కడ పురుగుకు చొరవ, శరీరానికి సహనం పంచినట్లయింది. కాని గృహస్థు స్థితిగతులను బట్టి అతిథి ఎదుగుదల మారుతుందన్న ఊహకు ఈ మాటలో కొంత చోటు ఉన్నది. ఆ చోటును తెలుగు విజ్ఞాన రచన పెద్దగా వాడుకోలేదు.

మూడవది ‘వ్యాధి నిరోధక శక్తి’. దీని ఆంగ్ల సమానార్థకానికి మూలమైన లాటిన్ మాటకు పన్నుల నుంచి, ప్రజాబాధ్యతల నుంచి మినహాయింపు అని అర్థం. అందులో యుద్ధం లేదు. తెలుగు పాఠ్యపుస్తకాలు వాడే ‘అసంక్రామ్యత’ కూడా సోకకుండా ఉండే స్థితిని మాత్రమే చెబుతుంది. వాడుకలో గెలిచింది మాత్రం ‘నిరోధం’. అడ్డగించడం దాని ధాత్వర్థం. 1882లో మెస్సినా తీరాన నక్షత్రచేప డింభకాల్లో కణాలు బయటి వస్తువును చుట్టుముట్టడం మెచ్నికోవ్ గమనించాడు. ఆ తర్వాత తెల్లకణాలను సేనతో పోల్చడం అనేక భాషల్లో వ్యాపించింది. తెలుగులోనూ సైనికులు, కోట, శత్రువు, దండయాత్ర అనే పదజాలం బడిపుస్తకం నుంచి పత్రికల ఆరోగ్యపుటల దాకా ఒకే తీరున వినిపిస్తుంది. 2020 నాటి మహమ్మారి కాలంలో ‘ఇమ్యూనిటీ పెంచుకోవడం’ ఇంటింటి మాట అయింది. ఆ శక్తి ఒకే దిక్కుకు పనిచేస్తుందని, ఎంత ఎక్కువైతే అంత మేలని ఆ మాట వెనుక ఉన్న నమ్మకం.

3. కాలేయంలో జరిగేది

ఈ నమ్మకాన్ని ప్రశ్నించే ఉదాహరణ షిస్టోసోమా మాన్సోని. ఇది ఆఫ్రికా, దక్షిణ అమెరికా ప్రాంతాల్లో మనుషులకు సోకే జాతి. తెలంగాణలో మనుషులకు వచ్చే వ్యాధి కాదు. అయినా రక్తజలగల స్వభావం గురించి లోతైన ప్రయోగాలు ఎక్కువగా జరిగింది దీనిపైనే.

నత్త నుంచి నీటిలోకి వచ్చిన డింభకం చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోతుంది. తోకను విడిచి రక్తంలో చేరి, ఊపిరితిత్తుల మీదుగా కాలేయపు ద్వారసిరలోకి వస్తుంది. అక్కడే పురుగు పెరుగుతుంది, ఆడమగలు జతకూడతాయి. మగపురుగు దేహంలోని మడతలో ఆడపురుగు ఇమిడి ఉంటుంది. జంట పేగు సిరలకు చేరాక ఆడపురుగు రోజుకు సుమారు 300 గుడ్లు పెడుతుంది. కొన్ని గుడ్లు పేగుగోడను దాటి బయటపడతాయి. మిగిలినవాటిలో చాలా భాగం రక్తప్రవాహంతో తిరిగి కాలేయంలో చిక్కుకుంటాయి. వాటి చుట్టూ రక్షక కణాలు గుంపుగా చేరి గ్రాన్యులోమా అనే గూడు కడతాయి. రోగిని పీడించేది ప్రధానంగా పురుగు కాదు, ఈ గూళ్లూ వాటి వెంట కాలేయంలో పేరుకునే మచ్చకణజాలమూ.

‘నిరోధం’ అన్న మాట ఇక్కడే తడబడుతుంది. గుడ్డు చుట్టూ కట్టిన గూడు అడ్డుగోడ అవునా కాదా? అవును. గుడ్డు నుంచి ఊరే విషపదార్థాలు చుట్టుపక్కల కాలేయకణాలను చంపకుండా అది ఆపుతుంది. రక్షక కణాలు లోపించిన ఎలుకల్లో కాలేయకణాలు నేరుగా దెబ్బతినడం ప్రయోగాల్లో కనిపించింది. ఆ గూడే కాలక్రమంలో కాలేయాన్ని గట్టిపరుస్తుంది. పేగుగోడలో అదే ప్రతిచర్య గుడ్డు బయటపడడానికి సాయపడుతుంది. రక్షణ, హాని, పురుగుకు ఉపకారం అనే మూడూ ఒకే క్రియలో కలిసి ఉన్నాయి. యుద్ధ రూపకం వీటిలో మొదటిదాన్ని మాత్రమే చెప్పగలదు.

అంతకన్నా లోతైన ప్రశ్న గుడ్లకు ముందు దశది. పురుగు ఎదగడానికే ఈ కణాలు కావాలా? 1992లో అమీరి తదితరులు ‘నేచర్’ పత్రికలో ఒక ఫలితం ప్రకటించారు. లింఫోసైట్లు లోపించిన ఎలుకలకు ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ ఇస్తే గ్రాన్యులోమాలు తిరిగి ఏర్పడ్డాయని, పురుగులు గుడ్లు పెట్టడమూ పెరిగిందని అందులోని సారాంశం. ఆ తర్వాత ఇతర ప్రయోగశాలల్లో ఈ ప్రోటీన్‌కూ గుడ్లకూ ఉన్న సంబంధం అదే తీరున రుజువు కాలేదు. 1999లో మరో బృందం ఇంటర్‌ల్యూకిన్-7 లేని ఎలుకల్లో పురుగులు మరుగుజ్జులుగా మిగిలాయని చూపింది.

2001లో డేవిస్, మెక్‌కెరో తదితరులు ‘సైన్స్’ పత్రికలో ప్రకటించిన వ్యాసం ప్రశ్నను నేరుగా కాలేయంలో నిలిపింది. బి, టి లింఫోసైట్లు రెండూ లేని ఎలుకల్లో పురుగులు పొట్టిగా ఉండిపోయి తక్కువ గుడ్లు పెట్టాయి. ఏ కణాల లోపం వల్ల ఇలా జరిగిందో విడదీసి చూస్తే, కీలకమైనవి కాలేయంలోని సీడీ4 టి లింఫోసైట్లని తేలింది. ఈ కణాలకు తెలుగులో ‘సహాయక కణాలు’ అని పేరు. రక్షక వ్యవస్థలోని తోటి కణాలకు సాయపడతాయని ఆ పేరు పెట్టారు. అవి పురుగుకు కూడా సాయపడుతున్నాయని ఈ ప్రయోగం చెప్పింది.

4. ప్రయోగాల భాషపై విమర్శ

ఈ ఫలితాన్ని తెలుగులో చెప్పవలసి వస్తే మొదట తట్టే సామెత ‘కంచే చేను మేసినట్లు’. కాని అది సరిపడదు. చేను మేసిన కంచె తన ధర్మం తప్పింది. కాలేయంలోని లింఫోసైట్లు ధర్మం తప్పలేదు. అవి ఎప్పటి పనే చేస్తున్నాయి. కంచె కంచెగానే ఉన్నది, దానిని ఆసరా చేసుకుని ఒక తీగ పాకింది. ఈ తేడా చిన్నది కాదు. ద్రోహం అనుకుంటే కణాలను అణచాలన్న ఆలోచన వస్తుంది. ఆసరా అనుకుంటే ఆ ఆసరా ఏ గుణం వల్ల దొరుకుతున్నదన్న ప్రశ్న వస్తుంది. పరిశోధన ముందుకు సాగింది ఈ రెండవ ప్రశ్నతోనే.

2001 నాటి వ్యాసం తర్వాత ప్రచారంలోకి వచ్చిన వివరణ ‘సంకేతం’ అన్న ఊహ. పురుగు ఆతిథేయి కణాల నుంచి సంకేతం అందుకుని, తన ఎదుగుదలకు సమయం నిర్ణయించుకుంటున్నదని దాని సారం. ఆకర్షణీయమైన ఊహే. శత్రువుల సంభాషణను పొంచి వినే గూఢచారి బొమ్మ కళ్లకు కడుతుంది. కాని ఈ బొమ్మ కూడా యుద్ధ రూపకానికి సంతానమే. దానిలో రక్షక కణం పురుగును ఉద్దేశించి ఏదో చేస్తున్నదన్న భావం దాగి ఉన్నది.

2010లో ల్యాంబ్, డేవిస్ తదితరులు ‘ప్లాస్ పాథోజెన్స్’లో ప్రకటించిన వ్యాసం ఆ భావాన్ని సడలించింది. వారు వాడిన టి లింఫోసైట్లు పురుగును గుర్తించగలవి కావు. వాటికి తెలిసినది పురుగుతో ఏ సంబంధమూ లేని మరో ప్రోటీన్ మాత్రమే. అయినా ఆ కణాలు చైతన్యం పొందినప్పుడు పురుగుల ఎదుగుదల కుదుటపడింది. టి లింఫోసైట్లు ఏకకేంద్రక భక్షక కణాలపై పనిచేసి వాటిని పురుగు ఎదుగుదలకు అనుకూలంగా మారుస్తున్నాయని, ఆ భక్షక కణాలను నేరుగా ప్రేరేపించినా టి లింఫోసైట్లు లేని లోటు తీరుతున్నదని వారు చూపారు. అంటే పురుగుకు కావలసింది తనను గుర్తించిన శత్రువు కాదు. సాధారణంగా చైతన్యవంతమైన ఒక పరిసరం. సంకేతం కన్నా సారవంతమైన నేల దీనికి దగ్గరి పోలిక. విత్తనం నేలను వంచించదు, నేల విత్తనాన్ని ఎరుగదు. అయినా ఆ నేల లేనిదే ఆ మొక్క లేదు.

ఈ పోలికకూ హద్దులున్నాయి. పురుగు విత్తనంలా నిశ్చలం కాదు. అది ఆతిథేయి ప్రతిచర్యలను మార్చే పదార్థాలను స్రవిస్తుంది. కాబట్టి ఒక రూపకాన్ని తీసేసి మరొక రూపకానికి పట్టం కట్టడం పరిష్కారం కాదు. ఒక్కో రూపకం ఎంతవరకు నిలుస్తుందో చెప్పి వాడుకోవడమే విజ్ఞాన రచయిత చేయవలసిన పని.

5. పణంగా ఉన్నదేమిటి?

ఇది కేవలం మాటల తగాదా అనిపించవచ్చు. రోగనిర్ధారణ సంగతి చూస్తే ఆ అభిప్రాయం నిలవదు. షిస్టోసోమా మాన్సోని సోకిందో లేదో తెలుసుకోవడానికి మలంలో గుడ్లు లెక్కించడం పాత పద్ధతి. 1997లో పశ్చిమ కెన్యాలో కరంజా తదితరులు జరిపిన అధ్యయనంలో, హెచ్‌ఐవీ వల్ల సీడీ4 కణాలు తగ్గినవారు గుడ్లను తక్కువగా విసర్జిస్తున్నట్లు కనబడింది. గుడ్లు తక్కువ కనబడ్డాయి కనుక పురుగులు తక్కువని తేల్చడం అటువంటి రోగి విషయంలో పొరపాటు కావచ్చు. ‘నిరోధక శక్తి తగ్గితే పురుగు విజృంభిస్తుంది, గుడ్లూ పెరుగుతాయి’ అన్న సూత్రాన్ని మాత్రమే నేర్చుకున్న విద్యార్థికి ఈ సందేహమే కలగదు.

చికిత్స సంగతీ అంతే. షిస్టోసోమాకు వాడే ప్రాజిక్వాంటెల్ రక్షక వ్యవస్థ లోపించిన ఎలుకల్లో తక్కువగా పనిచేస్తుందని 1980ల నాటి ప్రయోగాలు చూపాయి. అయితే 1998లో కెన్యా నుంచే వచ్చిన అధ్యయనంలో హెచ్‌ఐవీ ఉన్నవారికీ ఆ మందు ఫలితమిచ్చింది. ఎలుకలో తేలిన మాటను మనిషికి యథాతథంగా అంటగట్టకూడదని ఇది హెచ్చరిక. తెలుగువారికి దగ్గరి ఉదాహరణ మరొకటి ఉన్నది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వాన లెడర్లీ ప్రయోగశాలలో రూపొంది 1947లో వెలుగుచూసిన డైఇథైల్‌కార్బమజీన్ బోదకాలు పురుగుపై నేటికీ వాడుతున్న మందు. గాజుపాత్రలో ఆ పురుగు పిల్లలపై దీని ప్రభావం స్వల్పం. శరీరంలో మాత్రం అవి రక్తం నుంచి వేగంగా తొలగిపోతాయి. మందు ఒక్కటే పురుగును చంపడం లేదు, ఆతిథేయి శరీరం అందులో పాలుపంచుకుంటున్నది. ఇక్కడ ‘నిరోధం’ అన్న మాట బాగానే నప్పుతుంది. ఆ మాట ఒకచోట నప్పుతుంది, మరొకచోట నప్పదు. ఆ ఎరుకే కావలసింది.

ఎలుక కథను పశువుకు వర్తింపజేసేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త అవసరం. ఆఫ్రికా పశువుల్లో షిస్టోసోమా బోవిస్ జాతిపై జరిగిన అధ్యయనాల్లో, సోకుడును చాలాకాలం భరించిన పశువుల్లోని పురుగులు పెట్టే గుడ్లు తగ్గాయి. అక్కడ ఆతిథేయి ప్రతిచర్య పురుగు సంతానాన్ని నిజంగానే అడ్డుకుంటున్నది. ఒకే వర్గపు పురుగు, ఒకే రకపు వ్యవస్థ, కాని ఎదుగుదల తొలిదశలో ఆసరా, దీర్ఘకాలంలో అడ్డంకి. కాబట్టి 2001 నాటి ఫలితం పాత సూత్రాన్ని తలకిందులు చేయలేదు. అది ఎక్కడ, ఎప్పుడు, ఏ జాతికి వర్తిస్తుందో అడగక తప్పని పరిస్థితి కల్పించింది. పేడలో గుడ్ల లెక్కను బట్టి పశువు ఆరోగ్యాన్ని అంచనా కట్టే చోట ఈ ప్రశ్న పాఠ్యపుస్తకానికి పరిమితం కాదు.

6. వరంగల్ – బోధనాభాష

1959లో కాకతీయ వైద్య కళాశాల, 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వరంగల్‌లో ఏర్పడ్డాయి. విశ్వవిద్యాలయపు జంతుశాస్త్ర విభాగంలో పరాన్నజీవి పురుగులపై పరిశోధన సాగింది. నగరానికి చేరువన మామునూరులో పశువైద్య కళాశాల ఉన్నది. చెరువు, నత్త, పశువు, పరిశోధకుడు ఇంత దగ్గరగా ఉన్న చోట్లు అరుదు. కాని చెరువుగట్టున రైతు మాట్లాడే భాషకూ, ప్రయోగశాలలో వ్యాసం రాసే భాషకూ మధ్య దూరం పెద్దది. ఆ దూరాన్ని తగ్గించవలసిన తెలుగు విజ్ఞాన రచన, సైనికుల కథతో సరిపెట్టుకున్నంత కాలం, పరిశోధన తేల్చిన సంగతి తెలుగులోకి రాదు. వచ్చినా ‘పురుగు చేసే మోసం’ అన్న ఒక వింతవార్తగా మిగులుతుంది.

వరంగల్‌లోని ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం కాళోజీ నారాయణరావు పేరు మోస్తున్నది. పుస్తకాల భాష కన్నా జనం పలుకుబడికి విలువ ఇవ్వాలని జీవితాంతం వాదించిన కవి ఆయన. ఆయన జయంతి అయిన సెప్టెంబర్ 9 తెలంగాణ భాషా దినోత్సవం. వైద్య విజ్ఞానానికీ ఆ వాదానికీ ఒకే గడప మీద చోటు దొరకడం యాదృచ్ఛికమే కావచ్చు. దానిని సార్థకం చేసుకునే అవకాశం మాత్రం ఉన్నది. ‘కార్జపు జలగ’ అన్న మాటలో పశుపోషకుడు అవయవాన్ని, రూపాన్ని ఒకే చూపులో పట్టుకున్నాడు. ‘ఒంటికి పడడం’, ‘ఒంటికి పడకపోవడం’ అన్న వాడుక శరీరానికీ బయటి వస్తువుకూ మధ్య సంబంధాన్ని యుద్ధం లేకుండానే చెబుతుంది. ఒకరి ఒంటికి పడినది మరొకరికి పడకపోవచ్చునన్న సంగతి ఆ పలుకుబడిలోనే ఉన్నది. పరిభాషా నిర్మాతలు ఇటువంటి మాటల వైపు చూడవలసి ఉన్నది.

7. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు మూడు. మొదటిది, ‘పరాన్నజీవి’ అన్న మాటను మార్చనక్కరలేదు. కాని ఈ పురుగు పరుల అన్నంతో పాటు పరుల కణాల చైతన్యం మీద కూడా ఆధారపడుతున్నదని పాఠంలో చేర్చాలి. రెండవది, ఆ కణాలు నిజంగా అడ్డుకునే సందర్భంలోనే ‘నిరోధం’ అన్న మాట వాడాలి. అవి ఏమి చేస్తున్నాయో ఇంకా విచారించవలసిన చోట ‘ప్రతిస్పందన’ అనడం మేలు. ప్రతిస్పందన అన్న మాట ఫలితాన్ని ముందే తీర్పు చెప్పదు. మూడవది, సైన్యం, గూఢచారి, ద్రోహం వంటి రూపకాలను వాడినప్పుడు అవి ఎక్కడ ఆగిపోతాయో రచయిత అక్కడే చెప్పాలి.

కాలేయంలోని ఒక పురుగు తన ఎదుగుదలకు తనను ఎరుగని కణాల చైతన్యాన్ని ఆశ్రయించింది. ఇది కొన్నేళ్ల ప్రయోగాల తర్వాత తేలిన సంగతి. అడ్డుకోవడం అనే ఒక్క క్రియతో దీనిని వివరించడం సాధ్యం కాదు. వరంగల్ తరగతి గదిలో తెలుగులో చదివే విద్యార్థి ‘ఈ కణాలు పురుగును అడ్డుకుంటున్నాయా, పెంచుతున్నాయా?’ అని అడగగలిగిన నాడు పరిభాష తన పని తాను చేసినట్లు.